తెల్ల పెట్టెది ఎన్నో తరం

రూలు రాసిన పెద్దమనిషి ఎప్పుడో రిటైరైపోయాడు. రూలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ప్రస్తుత తరం, దానికి ముందు తరం ఉంచవలెను. అంతకన్నా పాతవి తొలగించవలెను."

లైబ్రరీ మూడో అంతస్తులో, వీడియో గేమ్స్ గది తలుపు వెనకాల, మంటలార్పే సిలిండర్ పక్కన, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించిన కాగితం అది. సిలిండర్ మీది సూచనలైనా ఎవరో ఒకరు చదివుంటారేమో గానీ, ఈ కాగితాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ చదవలేదు.

బాబాయి చదివాడు.

బాబాయి అనగానే నెరిసిన మీసాలూ, కళ్ళజోడూ ఊహించుకోనక్కర్లేదు. నాయనమ్మ చెల్లెలికి, అంటే చిన్న మామ్మకి, ఇక పుట్టరనుకున్నాక పుట్టిన కొడుకు అతను. వరసకి బాబాయి, వయసుకి తమ్ముడు, తీరుకి హెడ్మాస్టరు. చిన్నప్పుడు పొట్టి వేలు పట్టుకునే బడికెళ్ళాడు. ఆ సంగతి గుర్తు చేస్తే ఒప్పుకోడు.

పొట్టి అంటే ఆ లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగుతోంది. ఇంట్లో వాళ్ళందరికన్నా ఆమే పొడుగు. ముద్దుపేరు పెట్టినప్పుడు పొట్టిగానే ఉండేది మరి, తర్వాత ఎవరూ అప్‌డేట్ చేయలేదు.

"ఆ తెల్ల గేమ్ పెట్టె ఎన్నో తరం?" అన్నాడు బాబాయి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి.

"గుడ్ మార్నింగ్ బాబాయ్."

వెనక నిలబడ్డ ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"నలుగురిలో అలా పిలవద్దని చెప్పానా."

"వరసలు నేను పెట్టలేదు. ఏం కావాలి చెప్పు."

"ఏడో తరం అది. ఇప్పుడు నడుస్తోంది తొమ్మిది. ముందుది ఎనిమిది. ఏడుకి మీ రూలు ప్రకారం ఇక్కడ చోటు లేదు. మీకు మెయిల్ పెట్టాను, మీ మేడమ్‌కి కూడా కాపీ పెట్టాను."

"కాపీ కూడా పెట్టావా."

"టీవీ ఒక్కటే ఉంది. మా శనివారం బ్యాచ్‌కి పోటీలున్నాయి, బుధవారం సాయంత్రం కూడా ప్రాక్టీస్ కావాలి. ఆ టైమంతా తెల్ల పెట్టె తినేస్తోంది."

"బుధవారం దాంతో ఎవరు ఆడతారో తెలుసా?"

బాబాయి బార్‌కోడ్ రీడర్ వంక చూశాడు. దాన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

"మా అమ్మ," అన్నాడు చివరికి.

"మరి చిన్న మామ్మకి చెప్పావా?"

"మనం రూలు గురించి మాట్లాడుకుంటున్నాం. మనుషుల గురించి కాదు."

"చెప్పలేదన్నమాట."

అతను వెళ్ళిపోయాడు. కాలేజీ పిల్లల్లో ఒకడు పుస్తకం ముందుకి జరిపి, నిజంగానే ఆయన మీకు బాబాయా అని అడిగాడు. నిజమేనంది పొట్టి. ఇంకా పెద్ద తాతయ్య ఒకాయన ఉన్నాడు, పదో తరగతి చదువుతున్నాడు అని కూడా చెప్పింది. అది మాత్రం అబద్ధం.

*

లైబ్రరీకి పెద్ద ఒక మేడమ్. ఎప్పుడూ గొంతు పెంచదు. పెంచాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

"ఈ అబ్బాయి రాసింది కరెక్టేనా?" అంది మెయిల్ తెరిచి.

"జనం లెక్కలో కరెక్టే మేడమ్."

"జనం లెక్క ఏమిటి? మిగతా లెక్కలు కూడా ఉన్నాయా?"

ఉన్నాయని చెప్పింది పొట్టి. తరాలకి నెంబర్లు వేసే ఆఫీసు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎవరో అభిమానులు ఇంటర్నెట్లో వరసగా రాసుకుంటూ వచ్చారు, మిగతావాళ్ళు అదే పట్టుకున్నారు. ఒకటీ రెండూ మూడూ అని ఎవరూ పుట్టినప్పుడే పేరు పెట్టలేదు. పాత వాటికి నెంబర్లు చాలా కాలం తర్వాత పడ్డాయి.

"అంటే మన రూల్లో తరం అనే మాట ఉంది, దానికి అర్థం లేదు."

"లేదు మేడమ్."

"ఐతే నువ్వు రాయి. తరం అంటే ఏంటి, దాన్ని ఎలా లెక్కపెట్టాలి. గురువారం కమిటీ. ఒక్క పేజీ దాటకూడదు. రెండో పేజీ కనిపిస్తే మన లెక్కల మెంబరు కళ్ళు మూసుకుంటాడు."

పొట్టి తలూపి బయటికొచ్చింది. బయటికొచ్చాక గానీ తను ఏం ఒప్పుకుందో బుర్రకెక్కలేదు. చిన్న మామ్మ బుధవారాలు ఉంటాయా పోతాయా అన్నది ఇప్పుడు తను రాసే ఆ ఒక్క పేజీ మీద ఆధారపడింది.

చిన్న మామ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు కండక్టరు. కదిలే బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో టికెట్లు చింపిన మనిషి. రిటైరయ్యాక ఆ రెండో చేతికి ఏం పని చెప్పాలో తెలియక కొన్నాళ్ళు ఇంట్లో కనిపించిందల్లా తుడిచింది. తుడిచిందే తుడిచింది. బాబాయి లాప్‌టాప్ కీల మీద అక్షరాలు కూడా చెరిగిపోయాయి. అప్పుడు పొట్టే లైబ్రరీకి తీసుకొచ్చి, తెల్ల పెట్టె ముందు నిలబెట్టి, రిమోట్ లాంటి కంట్రోలర్ ఒకటి చేతికిచ్చి, దాని తాడు మణికట్టుకి తగిలించింది. చెయ్యి ఊపితే తెరమీద బంతి దొర్లుతుంది. అవతల నిలబెట్టిన చెక్కబొమ్మలు పడిపోతాయి. అంతే ఆట.

మొదటి బంతికే అన్నీ పడ్డాయి. చిన్న మామ్మ వెనక్కి తిరిగి, "ఇంకెవరన్నా ఉన్నారా," అంది. బస్సులో అడిగినట్టే.

ఉన్నారు. ఒకరు పళ్ళ డాక్టరమ్మ. ఆమె కూడా రిటైరే. ఒకప్పుడు చిన్న మామ్మకి నొప్పి లేని పన్ను పీకింది, నొప్పి ఉన్నదాన్ని మర్నాడు పీకింది. ఇంకొకరు టైలరుగారు. మెత్తగా ఆడతాడు, మెత్తగా ఓడిపోతాడు. ముగ్గురికీ తెరమీద తమ పోలికలతో బొమ్మలున్నాయి. వాటిని వాళ్ళే తయారు చేసుకున్నారు. ఆ బొమ్మలూ, వాళ్ళ ఆటల లెక్కలూ ఆ పెట్టె కడుపులోనే ఉన్నాయి. పెట్టె పోతే అవీ పోతాయి.

*

మంగళవారం పొట్టి కాఫీ మిషన్ దగ్గర బాబాయిని పట్టుకుంది. శత్రువుతో చర్చించడం పద్ధతి కాదు గానీ, ఆ ఊరి మొత్తమ్మీద ఈ విషయం తెలిసిన మనిషి అతనొక్కడే.

"సంవత్సరాన్ని బట్టి తరం అందామా," అంది.

"అందరూ అనేది అదే. ఒక కంపెనీ కొత్త పెట్టె తెస్తుంది, మిగతావాళ్ళు రెండు మూడేళ్ళలో తెస్తారు. ఆ గుంపంతా ఒక తరం."

"మధ్యలో ఊడిపడ్డ పెట్టో? ఇంట్లో టీవీకి తగిలించుకోవచ్చు, బయటికి చేత్తో పట్టుకుపోవచ్చు. అలాంటిదొకటి ఉందిగా. ముందు గుంపు ముసలిదయ్యాక వచ్చింది, తర్వాతి గుంపు పుట్టకముందే వచ్చింది."

"అది ఎనిమిది."

"ఎందుకు?"

"అందరూ అలాగే అంటారు."

"కొందరు తొమ్మిది అంటారు."

"వాళ్ళకి తెలీదు."

పొట్టి కాఫీ ఊదుకుంది. "సరే, బలాన్ని బట్టి. లోపలున్న చిప్పుని బట్టి."

"ఒకప్పుడు అదే గొడవ. మాది ఎనిమిది బిట్లు, మాది పదహారు బిట్లు అని డబ్బాల మీద వేసుకునేవాళ్ళు. తర్వాత తర్వాత ఆ అంకెకి అర్థం లేకుండా పోయింది, మానేశారు. అయినా నువ్వు ఆ దారిన వెళ్ళకు. తెల్ల పెట్టె బలంలో ఆరో తరానికి కొంచెం పైన, అంతే. దాన్నింకా కిందికి తోసేస్తావు."

"నాకు సాయం చేస్తున్నావా?"

"తప్పు దారిలో గెలవకు అంటున్నా."

ఇదీ బాబాయితో వచ్చిన చిక్కు. మనిషి మీద కోపం నిలవదు.

"పోటీని బట్టి?" అంది పొట్టి. "ఒకే రోజు షాపుకెళ్ళినవాడు ఏ రెండింటి మధ్య ఊగిసలాడతాడో ఆ రెండూ ఒక తరం."

బాబాయి తలూపాడు. "బాగుంది. కానీ మా అమ్మ ఊగిసలాడదు. డాక్టరమ్మ ఊగిసలాడదు. వాళ్ళు తెల్ల పెట్టె తప్ప ఇంకోదాన్ని ముట్టుకోరు. మావాళ్ళు తెల్లదాన్ని ముట్టుకోరు. నీ లెక్కలో అవి ఒకే తరమూ కాదు, వేరే తరాలూ కాదు. రూలుకి అది పనికిరాదు."

"కంట్రోలర్ని బట్టి? చేత్తో ఊపేవి ఒక జాతి, బొటనవేళ్ళతో నొక్కేవి ఒక జాతి."

"అప్పుడు బొటనవేళ్ళవన్నీ, నా చిన్నప్పటివి కూడా, ప్రస్తుత తరమే అయిపోతాయి. మీ మేడమ్‌కి ఇంకో అంతస్తు కట్టమని చెప్పు."

పొట్టి కప్పు నలిపి బుట్టలో వేసింది. గురి తప్పింది. వంగి తీసి మళ్ళీ వేసింది.

"ఒక మాట అడగనా," అన్నాడు బాబాయి. "నువ్వు తరం అంటే ఏంటో కనుక్కుంటున్నావా, తెల్ల పెట్టెని ఉంచడానికి దారి వెతుకుతున్నావా?"

"రెండూ."

"రెండూ ఒకటి కాదు."

"తెలుసు బాబాయ్."

ఈసారి చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి అతని చెవులు ఎర్రబడలేదు.

*

బుధవారం సాయంత్రం గేమ్స్ గదిలో ముగ్గురూ ఉన్నారు. కుర్చీలు గోడకి జరిపారు. చిన్న మామ్మ చీర కొంగు నడుముకి దోపి, ఒక అడుగు ముందుకేసి, చెయ్యి వెనక్కి తీసి వదిలింది. తెరమీద ఆమె బొమ్మ కూడా అలాగే వదిలింది. అవతల ఒక్క చెక్కబొమ్మ నిలబడిపోయింది.

"పడు," అంది చిన్న మామ్మ దాంతో.

పడలేదు.

"మీ బంతి కొంచెం ఎడమకి పోతోంది," అంది డాక్టరమ్మ.

"ఎడమేదో కుడేదో మీరు నాకు చెప్పకండి."

టైలరుగారు కిటికీ వంక చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

పొట్టి తలుపు దగ్గరే నిలబడింది. చిన్న మామ్మ తన వంతు అయ్యాక మణికట్టు తాడు తీయకుండానే వచ్చి, గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే పక్క గదిలో మాత్రమే వినపడుతుంది.

"ఏంటి పొట్టీ, దీన్ని తీసేస్తారంట?"

"ఎవరు చెప్పారు?"

"ఊడ్చే అమ్మాయి చెప్పింది. ఎవడో కంప్లయింట్ పెట్టాడంట."

"పెట్టారు."

"ఎవడు వాడు?"

పొట్టి గోడ మీది గడియారం వంక చూసింది. అది ఆగిపోయి చాలా కాలమైంది. "రూలు ప్రకారం పేర్లు చెప్పకూడదు చిన్న మామ్మా."

"వాడికి అమ్మా నాన్నా లేరా? ముసలివాళ్ళు వారానికోసారి చెయ్యి ఊపుకుంటుంటే ఓర్వలేడా? కన్నతల్లి ఎలా పెంచిందో ఏమో."

"బాగానే పెంచుంటుంది."

"ఏం బాగు. ఒకసారి కనపడనీ, తల్లికి కూడా కలిపి చెప్తా."

"చెప్పు చిన్న మామ్మా," అంది పొట్టి. ఆ సీను ఎలా ఉంటుందో ఊహించుకుని, వెంటనే ఊహించుకోవడం మానేసింది.

"రేపటి మీటింగుకి నేనూ వస్తా. టికెట్ ఏమన్నా ఉందా?"

"ఆడేవాళ్ళ తరఫున ఒకరు రావచ్చు."

"ఐతే వస్తున్నా." వెళ్ళబోయి ఆగింది. కండక్టరు గొంతు కాదు ఇది. "ఇది లేకపోతే నాకు బుధవారం అంటే ఏమీ లేదే పొట్టీ. మంగళవారానికి ఇంకో మంగళవారం తగిలించినట్టే."

"మీ వంతు," అని పిలిచింది డాక్టరమ్మ.

*

అందరూ వెళ్ళాక పొట్టి తన సీట్లో కూచుని ఖాళీ పేజీ తెరిచింది. ఖాళీగానే ఉంది. సరే, అసలు ఆ తెల్ల పెట్టె గురించి లైబ్రరీకి ఏం తెలుసో చూద్దామని కేటలాగ్ సాఫ్ట్‌వేర్లో దాన్ని వెతికింది.

కేటలాగ్ తయారైంది పుస్తకాల కోసం. అందులో పుస్తకం తప్ప ఇంకో వస్తువు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అందుకని గేమ్ పెట్టెలు కొన్నప్పుడు ఆ రిటైరైన పెద్దమనిషి వాటిని కూడా పుస్తకాలుగానే ఎక్కించాడు. రచయిత అన్న చోట కంపెనీ పేరు. పేజీలు: సున్నా. అట్ట: గట్టిది. భాష: తెలియదు.

ఎడిషన్: ఏడు.

పొట్టి నవ్వింది. నవ్వుతూనే ఆ మాట దగ్గర ఆగింది.

ఆయన తరం అన్న మాటని ఎడిషన్ గడిలో వేశాడు. వేయడమే కాదు, ఎడిషన్ అనే అనుకున్నాడు. తలుపు వెనకాల కాగితం కూడా ఆయన కొత్తగా రాసింది కాదు. కింది అంతస్తులో నిఘంటువుల బీరువా మీద ఉన్న రూలే. కొత్త ఎడిషన్, దానికి ముందుది ఉంచు, మిగతావి తీసెయ్యి. ఎడిషన్ అన్న చోట తరం అని మార్చి, మూడో అంతస్తులో కూడా అంటించాడు.

నిఘంటువుకి ఆ రూలు బంగారంలా పనిచేస్తుంది. పాతదాంట్లో ఉన్న మాటలన్నీ కొత్తదాంట్లో ఉంటాయి, ఇంకొన్ని ఎక్కువే ఉంటాయి. పాతది తీసేసినా చదివేవాడికి పోయేదేమీ లేదు. మరి గేమ్ పెట్టెకో? కొత్త పెట్టె వచ్చింది కదా అని పాతదాని ఆటలన్నీ దాంట్లో ఆడతాయా? కొన్నింట్లో ఆడతాయి. కొన్నింట్లో డిస్కు పెడితే ఉమ్మేస్తుంది.

పొట్టి కుర్చీ ముందుకి లాక్కుంది. వేళ్ళు వాటంతటవే నడిచాయి. పెట్టె ఎప్పుడు పుట్టిందన్నది కాదు, ఎంత బలమైందన్నది కాదు. తన ఆటలన్నిటినీ ఆడించగల కొత్త పెట్టె లైబ్రరీలో ఉంటే అది పాత తరం. లేకపోతే, ఎంత వయసున్నా సరే, దాని తరం ఇంకా నడుస్తున్నట్టే. చదివేవాడికి దారి మూసుకుపోకూడదు, లైబ్రరీకి అంతకన్నా కావలసిందేముంది.

తెల్ల పెట్టె ఆటలు ఆడే కొత్త పెట్టె లైబ్రరీలో ఒక్కటీ లేదు. ఊపే కంట్రోలర్ని ఇంకేదీ గుర్తుపట్టదు. అందుకని తెల్లది ఉంటుంది.

శనివారం బ్యాచ్ వాడే ఎనిమిదో తరం నల్ల పెట్టె? దాని డిస్కులు ఏవి పెట్టినా లైబ్రరీలోని తొమ్మిదో తరం పెట్టెలో ఆడుతున్నాయి. బాబాయి తనే పోయిన వారం పెట్టి చూపించి మురిసిపోయాడు. అంటే నల్లది పోతుంది. బాబాయి తీయించమన్నది ఉండి, బాబాయిది పోతుంది. పొట్టి కాసేపు ఒంటరిగా, గదిలో ఎవరూ లేరని చూసుకుని, భుజాలు ఊపింది.

తర్వాత మిగతావి కూడా రూలు మీద పెట్టి చూసుకుంది. చూసుకోకుండా ఉంటే బాగుండేది.

గేమ్స్ గదిలో కింది అరలో ఒక ఊదారంగు పెట్టె ఉంది. చిన్న ఘనం, పైన పట్టుకోవడానికి పిడి. అరచేతిలో పట్టేంత డిస్కులు. తెల్ల పెట్టెకి ముందు తరం. ఎవరూ వాడరు. పొట్టి మాత్రం మధ్యాహ్నం అన్నం తిన్నాక తలుపు వేసుకుని వాడుతుంది. ఎనిమిదో క్లాసులో చుట్టాలింట్లో అలాంటిదే ఒకటి చూసి, దాని లోపల ఏముందోనని విప్పబోయి, చివాట్లు తిని, ఇంజినీరింగ్‌కి వెళ్ళింది. లైబ్రరీ చేత దాన్ని కొనిపించింది కూడా తనే. బాబాయి మెయిల్లో దాని ప్రస్తావన లేదు. కమిటీలో దాని సంగతి తెలిసినవాళ్ళు లేరు.

ఊదా పెట్టె డిస్కులు తెల్ల పెట్టెలో ఆడతాయి. చాలామందికి తెలియదు. పొట్టికి తెలుసు.

చెప్పకపోతే ఎవరూ అడగరు. పేజీ కూడా నిండిపోయింది. ఒక్క పేజీయే కదా మేడమ్ రాయమంది.

ఆ వాక్యం రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి అక్షరాల సైజు కొంచెం తగ్గించి ఇరికించింది.

*

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. ఒక చివర మేడమ్. పక్కన లెక్కల మెంబరు. సన్నగా, ప్రతిదాన్నీ అనుమానంగా చూసే మనిషి, నీళ్ళ గ్లాసుని కూడా. ఇటువైపు పొట్టి. ఎదురుగా కంప్లయింట్ పెట్టిన వ్యక్తి కూచోవలసిన కుర్చీలో బాబాయి. తలుపు తీసుకుని చిన్న మామ్మ వచ్చింది.

ఆమె కొడుకుని చూసింది. కుర్చీ మీద అంటించిన చీటీ చూసింది. మళ్ళీ కొడుకుని చూసింది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

బాబాయి వీపుతో ఆ చీటీని కప్పబోయాడు.

"ఇతనే మెయిల్ పెట్టింది," అన్నాడు లెక్కల మెంబరు, సాయం చేస్తున్నాననుకుని.

చిన్న మామ్మ నెమ్మదిగా కూచుంది. ఆమె నెమ్మదిగా కూచోవడం ఇంట్లోవాళ్ళెవరికీ మంచి శకునం కాదు.

"ఇంటికి రా," అంది.

"అమ్మా, ఇది రూలు గురించి..."

"రూలయ్యాకే రా."

మేడమ్ గొంతు సవరించుకుని పొట్టిని చదవమంది. పొట్టి చదివింది. నిఘంటువుల సంగతి, ఎడిషన్ గడి సంగతి, దారి మూసుకుపోకూడదన్న సంగతి. తెల్లది ఉంటుంది, నల్లది పోతుంది అన్న చోట బాబాయి నిటారుగా కూచున్నాడు.

"నల్లదా?"

"దాని ఆటలు ఏం పోవు బాబాయ్. అన్నీ కొత్తదాంట్లో ఉంటాయి."

"మాకు రెండుంటే ఇద్దరిద్దరుగా కూచునేవాళ్ళం."

"టీవీ ఒకటే అని నువ్వే రాశావుగా."

బాబాయి తన మెయిల్ కాపీ తిరగేసి చూసుకున్నాడు.

మేడమ్ పెన్ను బల్ల మీద పెట్టింది. "ఒకటి అడుగుతాను. నీ మామ్మ ఆడేది ఉండిపోయింది, ఫిర్యాదు చేసినవాడిది పోయింది. ముందు జవాబు రాసుకుని తర్వాత లెక్క చేశావా?"

పొట్టి చేతులు బల్ల కిందికి తీసుకుంది.

"మొదలుపెట్టింది అలాగే మేడమ్. ఐతే లెక్క చేశాక నాకు ఇష్టంలేని జవాబు కూడా ఒకటి వచ్చింది. చివరి వాక్యం చూడండి. అక్షరాలు చిన్నగా ఉంటాయి."

మేడమ్ కళ్ళజోడు పైకి తోసి చదివింది. "ఊదా పెట్టె?"

బాబాయి చప్పున తలెత్తాడు. అతనికి తెలుసు ఆ సంగతి. అడగడానికి సిద్ధంగా ఉన్నాడని అతని మొహంలోనే ఉంది. పొట్టి ముందే చెప్పేసేసరికి, ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే కదిలిపోయినవాడిలా అయ్యాడు.

"నువ్వు రోజూ అన్నం తిన్నాక ఆడేదేగా అది," అన్నాడు నెమ్మదిగా.

"నీకెలా తెలుసు?"

"తలుపు వేసుకున్నంత మాత్రాన పాట వినపడదా?"

లెక్కల మెంబరు వేలెత్తాడు. "ఆ డిస్కులు తెల్లదాంట్లో ఆడతాయని రుజువేంటి? చెప్తే సరిపోతుందా?"

సరిపోదు. అందరూ లేచి మూడో అంతస్తుకి నడిచారు. పొట్టి కింది అర ముందు మోకాళ్ళ మీద కూచుని ఒక చిన్న డిస్కు తీసింది. తెల్ల పెట్టె పైమూత తెరిచి, లోపలి పాత సాకెట్లలో ఒకదానికి ఊదారంగు కంట్రోలర్ తగిలించింది. డిస్కుని సందులోకి తోసింది. పెట్టె దాన్ని లోపలికి లాక్కుని, ఏదో ఆలోచిస్తున్నట్టు గరగరలాడింది.

ఆ గరగర ఆగేలోపు పొట్టి మనసులో ఒక చిన్న కోరిక మెదిలింది. ఆడకపోతే బాగుండు. ఆడకపోతే ఊదాదానికి వేరే దారి లేదు కాబట్టి అదీ ఉండిపోతుంది. ఏ అబద్ధమూ ఆడకుండానే ఉండిపోతుంది.

తెర వెలిగింది. పాట మొదలైంది. రోజూ మధ్యాహ్నం వినే పాటే, కొంచెం కూడా తేడా లేకుండా.

"ఆడుతోందా?" అంది చిన్న మామ్మ.

"ఆడుతోంది," అంది పొట్టి.

"ఐతే ఏడుపు మొహం ఎందుకే?"

"లేదులే."

మేడమ్ తెరవంక చూసింది, పొట్టి వంక చూసింది. "రూలు బాగుంది," అంది. అంతే. ఆమె దగ్గర అంతకన్నా పొడుగు మెప్పు ఎవరూ వినలేదు. లెక్కల మెంబరు సంతకం పెట్టాడు గానీ, తెర ముందు నుంచి కదలలేదు. మేడమ్ రెండుసార్లు పిలిస్తే గానీ రాలేదు.

*

శుక్రవారం పొట్టి, బాబాయి కలిసి నల్ల పెట్టెనీ ఊదా పెట్టెనీ చక్రాల బండిలో పెట్టుకుని కిందికి దింపారు. లైబ్రరీ తీసేసినవి గేటు పక్క బల్ల మీద పెట్టి అమ్ముతారు. అక్కడ పాత నిఘంటువులు వరసగా నిలబడి ఉన్నాయి, పెళ్ళిచూపుల్లో ఎవరూ తిరిగి చూడని అమ్మాయిల్లా.

"ఇంట్లో ఎలా ఉంది?" అంది పొట్టి లిఫ్టులో.

"రాత్రంతా ఒక్క మాట అనలేదు."

"అయ్యో."

"పొద్దున్నే అంది. పళ్ళు తోముకుంటుంటే మొదలుపెట్టింది, నేను ఆఫీసుకి వెళ్ళి మెయిల్స్ చూసుకుంటుంటే ఫోన్లో ముగించింది."

"ఏమంది చివరికి?"

"వచ్చే బుధవారం నేను కూడా ఆడాలంట. డాక్టరమ్మని ఓడిస్తే ఆ సాయంత్రంలో సగం మా బ్యాచ్‌కి ఇస్తారంట."

"ఓడిస్తావా?"

"బొటనవేళ్ళతో ఐతే ఓడిస్తా," అన్నాడు బాబాయి దిగులుగా. "చెయ్యి ఊపడం అలవాటు లేదు."

బల్ల దగ్గర పొట్టి ఊదా పెట్టె మీద దుమ్ము తుడిచింది. తుడిచినదాన్నే ఇంకోసారి తుడిచింది. వైరు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. స్టాఫ్ ఈ బల్ల మీద ఏదీ కొనకూడదు. ఆ రూలు మాత్రం స్పష్టంగా ఉంది, అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు.

"నేను స్టాఫ్ కాదుగా," అన్నాడు బాబాయి, ఎటో చూస్తూ. "కావాలంటే నేను..."

"అమ్మా," అన్నారు ఎవరో వెనకనుంచి.

లెక్కల మెంబరు. ఆఫీసు బ్యాగు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. నిన్నటి అనుమానమంతా మొహంలో అలాగే ఉంది, కళ్ళలో మాత్రం ఇంకేదో ఉంది.

"ఇదేనా ఆ ఊదాది?"

"ఇదే సార్."

"నిన్న ఆ తెల్లదాంట్లో పెట్టి చూపించావు కదా. ఆ ఆట ఇందులో కూడా వస్తుందా?"

"వస్తుంది సార్. అసలు ఇందులోదే అది."

ఆయన చుట్టూ చూసుకున్నాడు. "ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకుంటే ఎవరన్నా వచ్చి నిలబడాలా, చెయ్యి ఊపాలా, అలాంటివేమన్నా ఉన్నాయా?"

బాబాయి పొట్టి వంక చూశాడు. పొట్టి రబ్బరు బ్యాండు తీసి, వైరు విప్పి, ఏ కొన ఎక్కడ తగిలించాలో చూపించడం మొదలుపెట్టింది.

"ఏమీ అక్కర్లేదు సార్," అంది. "అన్నం తిన్నాక తలుపు వేసుకుని, ఒక్కరే కూచుని ఆడుకోవచ్చు. సౌండు మాత్రం తగ్గించుకోండి."